"అయిపోయినట్టే" అని రాయకండి: తలో ఊళ్ళో ఉన్న టీమ్‌తో చాట్‌లో పని నడపడం ఎలా

ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చున్నప్పుడు "అయిపోయినట్టే" అనే మాటతో ఏ గొడవా లేదు. ఆ చివరి "ట్టే" దగ్గర గొంతు కాస్త సాగుతుంది, మొహంలో ఒక నసుగుడు కనిపిస్తుంది. ఇంకా ఏదో మిగిలిందని ఎదుటి మనిషికి తెలిసిపోతుంది. అదే మాట ఫోన్‌లో చదివితే గొంతూ ఉండదు, మొహమూ ఉండదు. చదివేవాళ్ళు తమకు ఏది కావాలో అది చదువుకుంటారు.

ఈ సంగతి నాకు 2025 సెప్టెంబరులో తలకెక్కింది. మాది మందుల షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే చిన్న టీమ్. ఏడుగురం. నలుగురు హైదరాబాద్‌లో, ఒకబ్బాయి విశాఖలో, నేను రాజమండ్రిలో మా మేడ మీద గదిలో. ఒకావిడ పెళ్ళయ్యాక న్యూజెర్సీ వెళ్ళి అక్కణ్ణుంచే పనిచేస్తున్నారు. ఆ నెల జీఎస్టీ రేట్లు మారాయి. చాలా మందుల మీద 12 శాతం కాస్తా 5 అయింది, సెప్టెంబరు 22 నుంచి అమలు. 21, ఆదివారం సాయంత్రం మా లీడ్‌కి "టెస్టింగ్ అయిపోయినట్టే అన్నా" అని చాట్‌లో పెట్టి భోజనానికి లేచాను. ఆయన ఆ సమయానికి ఇంటివాళ్ళతో ఎంగిలిపూల బతుకమ్మ దగ్గర, పాటల హోరులో ఉన్నారు. ఫోన్ తీసి చూశారు. "అయిపోయింది" అని చదువుకున్నారు. రాత్రికి రాత్రే అప్‌డేట్ అన్ని షాపులకీ వెళ్ళిపోయింది.

నేను మిగిల్చింది వాపసు బిల్లులు. పాత రేటుతో అమ్మిన మందు 22 తర్వాత తిరిగొస్తే, వాపసు కూడా పాత రేటుతోనే వేయాలి. మా సాఫ్ట్‌వేర్ 5తో వేసింది. పన్ను లెక్క ఎక్కడా కలవలేదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా షాపులవాళ్ళ ఫోన్లు మొదలు. లీడ్ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. నేను రాయాల్సింది ఇది:

"కొత్త బిల్లుల టెస్టింగ్ పూర్తయింది. వాపసు బిల్లులు ఇంకా చూడలేదు. రాత్రి 11కి చెప్తాను, అప్పటిదాకా అప్‌డేట్ వదలొద్దు."

టైప్ చేయడానికి అర నిమిషం పట్టేది. ఆ వారమే అందరం కూర్చుని (కూర్చోవడమంటే వీడియో కాల్‌లోనే) చాట్ వాడే పద్ధతి మొత్తం మార్చుకున్నాం. మీవాళ్ళు కూడా తలో ఊళ్ళో ఉంటే ఇందులో చాలావరకు మీకూ పనికొస్తుంది. ఐటీ వాళ్ళే కానక్కర్లేదు. ఆడిటర్ ఆఫీసైనా, పెళ్ళికార్డుల డిజైన్ పనైనా, కోచింగ్ మెటీరియల్ తయారుచేసేవాళ్ళైనా చిక్కులు ఇవే.

## ముందు, ఏ మాట ఎక్కడ

ఏ యాప్ మంచిది అనే చర్చతో మొదలుపెట్టకండి, వారం అందులోనే పోతుంది. ముందు ఒక కాగితం తీసుకుని ఏ రకం మాట ఎక్కడ ఉండాలో రాసుకోండి. మేం రాసుకున్నది ఇలా ఉంది: ఇవాళో రేపో పని తీరిపోయే మాటలు చాట్‌లో. ఆరు నెలల తర్వాత కూడా ఎవరో ఒకరు వెతికే మాటలు అందరూ తెరవగలిగే డాక్యుమెంట్‌లో. ఒకరి నెత్తిన పడ్డ పని టికెట్‌లో (ఒక్కో పనికి ఒక్కో చీటీ లాంటిది), టికెట్ల సాఫ్ట్‌వేర్ లేకపోతే ఒక షీట్‌లో. బయటివాళ్ళతో, డబ్బుతో ముడిపడ్డది మెయిల్‌లో. కొంప మునిగేది ఫోన్‌లో.

చాట్ పారే కాలవలాంటిది, అందులో వదిలిన కాగితప్పడవ మర్నాడు కనపడదు. స్లాక్ అనే ఆఫీసు చాట్ యాప్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు, ఏడాది దాటినవి చెరిపేస్తారు. ఫలానా లెక్క ఎందుకలా పెట్టామో చాట్‌లో ఉందిలే అని నమ్ముకుని కూర్చుంటే అంతే సంగతులు. తమాషా ఏమిటంటే, స్లాక్ అన్న పేరే "మాటలన్నిటినీ వెతుక్కోగల చిట్టా" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు. గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట తయారుచేస్తున్న ఒక కంపెనీ, వాంకూవర్‌లో కొందరు, శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు ఉన్న తమవాళ్ళ కోసం అల్లుకున్న చాట్ అది. ఆట 2012లో మూతపడింది. చాట్ 2013లో బయటికొచ్చి బతికింది.

ఇప్పుడు యాప్ సంగతి. ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్‌దైతే టీమ్స్, గూగుల్‌దైతే గూగుల్ చాట్ ఎలాగూ చేతిలో ఉంటాయి, వాటితోనే కానివ్వండి. జోహో వాడే కంపెనీలకి క్లిక్ (Cliq) అనే చాట్ ఉంది. మెసేజ్‌లు సొంత సర్వర్‌లోనే ఉండాలనుకునేవాళ్ళకి మ్యాటర్‌మోస్ట్, జులిప్ ఉన్నాయి. జులిప్ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. అందులో చానెల్‌లో (ఒక్కో విషయానికి ఒక్కో గ్రూపు లాంటిది) పెట్టే మెసేజ్‌కి ఒక టాపిక్ పేరు తగిలించి పెడతారు. పొద్దున లేచేసరికి 200 మెసేజ్‌లు ఉంటే, మనకు అక్కర్లేని టాపిక్‌ని మొత్తంగా దాటేయొచ్చు. గంటల తేడాతో పనిచేసేవాళ్ళకి ఇంత సుఖమైనది నేను చూడలేదు. మావాళ్ళు మాత్రం రెండు వారాలు వాడి, చూడ్డానికి బాలేదని వదిలేశారు. యాప్ ఎంపికలో చివరికి గెలిచేవి ఇలాంటి కారణాలే, మీరు మనసు కష్టపెట్టుకోకండి.

ఇక వాట్సాప్. మన దగ్గర చాలా చిన్న ఆఫీసులు దీని మీదే నడుస్తాయి, నడవకూడదని నేననను. ముగ్గురు నలుగురైతే చాలు కూడా. ఇబ్బంది ఎక్కడంటే, పిన్ని పంపిన గుడ్ మార్నింగ్ పువ్వుకీ, షాపు ఓనర్ పంపిన ఎర్రర్‌కీ ఒకటే టింగ్. ఆదివారం మేనల్లుడి ఫొటో చూద్దామని తెరిస్తే ఆఫీసు కూడా తెరుచుకుంటుంది. పైగా పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపే దిద్దుకోవాలి, ఆ తర్వాత తప్పు అంకె అలాగే ఉండిపోతుంది. వాడక తప్పకపోతే పని గ్రూపుకి వేరే మోత పెట్టుకోండి, రాత్రిపూట మ్యూట్ చేయండి.

## చానెళ్ళు

ఏడుగురికి నాలుగు చానెళ్ళు చాలు. మావి "బిల్లింగ్-పని", "షాపుల-ఫిర్యాదులు", "వదిలేముందు", "టీకొట్టు". మూడోది ఆ సెప్టెంబరు పుణ్యమే: అప్‌డేట్ వదలబోయేవాళ్ళు అందులో ఏమేం చూశారో, ఏమేం చూడలేదో రాసి, ఇంకొకరు "వదలొచ్చు" అని పూర్తి మాట రాసేదాకా ఆగాలి. బొటనవేలు బొమ్మ అక్కడ చెల్లదు.

టీకొట్టు పనికిమాలినదని మా పైవాళ్ళు ఒకసారి తీసేయమన్నారు. తీయలేదు. ఇంట్లో కూర్చుని పనిచేసేవాడికి జీతం దొరుకుతుంది, తీరిక దొరుకుతుంది, టీ దగ్గర నిలబడి చెప్పుకునే కబురు మాత్రం దొరకదు. సంక్రాంతికి నేను మా వీధి ముగ్గు ఫొటో పెడితే, న్యూజెర్సీ ఆవిడ మంచులో కూరుకుపోయిన కారు ఫొటో పెట్టి "ఇది మా గొబ్బెమ్మ" అన్నారు. ఇలాంటివి పది జరిగాక, ఆవిడ ఎప్పుడైనా పొడిపొడిగా జవాబిస్తే కోపం అనుకోను, పిల్లని స్కూల్లో దింపే హడావిడి అనుకుంటాను.

పని మాట ఏదైనా చానెల్‌లోనే అడగండి. విడిగా ఒక్కరినే అడిగితే ఆ జవాబు ఆ ఇద్దరి మధ్యే ఉండిపోతుంది, వచ్చే వారం ఇంకొకరు అదే అడుగుతారు. "అందరి ముందూ అడిగితే ఇంత కూడా తెలీదా అనుకుంటారేమో" అని కొత్తవాళ్ళకి బెరుకు. దాన్ని పోగొట్టాలంటే సీనియర్లు ముందు అడగాలి. మా లీడ్ వారానికి ఒకటైనా తనకు తెలియనిది చానెల్‌లో అడుగుతారు. నిజంగా తెలియకో, కావాలనో నాకిప్పటికీ తెలీదు. జీతం, ఆరోగ్యం, మందలింపు మాత్రం విడిగానే.

## "హాయ్" దగ్గర ఆగిపోకండి

ఇది మీకూ వచ్చే ఉంటుంది:

"హాయ్ అండీ"
"ఉన్నారా"
"ఒక చిన్న డౌట్"

మూడు టింగులు, విషయం మాత్రం సున్నా. మనకి ఇది మర్యాద. ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలోనే పని చెప్పం కదా, ముందు కుశలం అడుగుతాం. కానీ చాట్‌లో అవతలివాళ్ళు స్నానంలో ఉండొచ్చు, నిద్రలో ఉండొచ్చు. వాళ్ళు మూడు గంటల తర్వాత "చెప్పండి" అంటారు. అప్పటికి మీరు భోజనంలో ఉంటారు. పలకరింపుని మానక్కర్లేదు, పలకరింపూ విషయమూ ఒకే మెసేజ్‌లో పెట్టండి.

విషయం ఎలా పెట్టాలో ఒకటి దగ్గరగా చూద్దాం. మా చానెల్‌లో ఒకప్పుడు ఇలా వచ్చేవి: "అన్నా రిటర్న్ బిల్ రావట్లేదు, కొంచెం చూడవా". దీనికి జవాబుగా కనీసం ఐదు ప్రశ్నలు వేయాలి. ఇప్పుడు అదే మనిషి ఇలా రాస్తున్నాడు:

"అన్నా, కాకినాడ మెయిన్ రోడ్ షాపులో వాపసు బిల్లు సేవ్ అవడం లేదు.
ఇవాళ పొద్దున 10:20 నుంచి. ఇంకో మూడు షాపుల్లో అడిగాను, అక్కడ బాగానే ఉంది.
సేవ్ నొక్కితే 'బ్యాచ్ నంబర్ దొరకలేదు' అని వస్తోంది.
యాప్ మూసి తెరిపించాను, నెట్ మార్పించాను, తేడా లేదు.
ఆ బ్యాచ్ పాత డేటాబేస్‌లో ఉందేమో నువ్వు చూడాలి, నాకు అక్కడ యాక్సెస్ లేదు.
కస్టమర్ మధ్యాహ్నం మళ్ళీ వస్తారట, 2 లోపు తెలిస్తే చాలు."

మొదటి వాక్యం చూడండి. ఫోన్ లాక్ స్క్రీన్ మీద కనపడేది అదొక్కటే కాబట్టి విషయమంతా అందులోనే ఉంది. "మూడు షాపుల్లో బాగానే ఉంది" అన్న ముక్కతో సగం అనుమానాలు తీరిపోయాయి: సర్వర్ బానే ఉందన్నమాట. "నాకు యాక్సెస్ లేదు" అన్నది చిన్న మాటే, కానీ "నువ్వే చూసుకోవచ్చుగా" అనే విసుగు రాకుండా ఆపేది అదే. చివరి గడువు కూడా గమనించండి. "అర్జెంట్" అనలేదు. అర్జెంట్ అన్న మాట రోజుకి పదిసార్లు వినీ వినీ అరిగిపోయింది. "కస్టమర్ వస్తారట, 2 లోపు" అంటే ఎవరికి ఎంత తొందరో తెలుస్తుంది.

ఎర్రర్ వచ్చినప్పుడు దాని మాటల్ని కాపీ చేసి అతికించండి. మానిటర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపేవాళ్ళున్నారు, అందులో ఎర్రర్ కంటే తిరుగుతున్న ఫ్యాన్ నీడ బాగా కనపడుతుంది. కాపీ చేసిన మాటలైతే మర్నాడు వెతికితే దొరుకుతాయి. కోడ్ అయితే ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు (`) పెట్టండి, స్లాక్‌లోనూ టీమ్స్‌లోనూ అది విడిగా డబ్బాలో కనిపిస్తుంది. ఇంకోటి, సగం టైప్ చేసి ఎంటర్ నొక్కితే మెసేజ్ వెళ్ళిపోతుంది. కొత్త లైన్‌కి షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కండి. ఇంత చిన్న సంగతి తెలియక ముక్కలు ముక్కలుగా పంపేవాళ్ళని ఏళ్ళ తరబడి తిట్టుకున్నాను, చివరికి ఒకతను "అలా వస్తుందని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

చానెల్‌లో ఎవరి ప్రశ్నకైనా జవాబు దాని కిందే, థ్రెడ్‌లో రాయండి. జవాబు అందరికీ తెలియాల్సిందైతే, థ్రెడ్‌లోంచి చానెల్‌లో కూడా పడేలా టిక్ పెట్టే వీలు స్లాక్‌లో ఉంది.

## గొంతు లేకపోతే మారిపోయే మాటలు

మన భాషలో "చూస్తాను"కి మూడు అర్థాలున్నాయి: చేస్తాను, ప్రయత్నిస్తాను, చేయను గానీ మొహం మీద చెప్పలేను. పెళ్ళికి రమ్మంటే "చూస్తానండీ" అన్న మనిషి కోసం ఎవరూ విస్తరి వేసి ఉంచరు. చాట్‌లో మాత్రం అదే మాట నమ్మి పని ఆపుకుని కూర్చుంటాం. అందుకే "సాయంత్రం 5కి మొదలుపెడతాను" అని రాయండి, లేదా "ఈ వారం నా వల్ల కాదు, ఇంకొకరిని అడగండి" అని రాయండి. రెండోది రాయడానికి వేలు ఆడదు, మొహమాటం. నాకూ అంతే. కానీ కాదని మంగళవారం చెప్తే అవతలివాళ్ళకి మూడు రోజులు మిగులుతాయి. శుక్రవారం దాకా "చూస్తాను"తో నెడితే తిట్లు మిగులుతాయి.

"కొంచెం మిగిలింది" అంటే ఎంత? "ఇరవై బిల్లుల్లో నాలుగు మిగిలాయి" అనండి. "అయిపోతుంది" అంటే ఎప్పటికి? గంట చెప్పండి. "సరే" ఒక్కటే రాస్తే, ఒప్పుకున్నారో అలిగారో తెలీదు. "సరే, నేను మారుస్తాను" అంటే పనీ తెలుస్తుంది, ఎవరు చేస్తారో కూడా తెలుస్తుంది. బొమ్మలకి కూడా ముందే అర్థం కుదుర్చుకోండి. మా దగ్గర కళ్ళ బొమ్మ అంటే ఈ పని నేను పట్టుకున్నాను. పచ్చ టిక్ అంటే పూర్తయింది. బొటనవేలు అంటే చదివాను, అంతే. ఒప్పుకున్నట్టు కాదు.

ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఇంకొన్ని చూసుకోవాలి. మనం "డౌట్" అంటే సందేహం, అమెరికావాళ్ళకి అది అపనమ్మకంలా వినిపిస్తుంది. "ప్రశ్న ఉంది" అనడం మేలు. "ప్లీజ్ రివర్ట్" అంటే మనకు జవాబివ్వమని. కోడ్ రాసేవాళ్ళ భాషలో రివర్ట్ అంటే చేసిన మార్పు వెనక్కి తీసేయమని. ఈ మాటని పొరపాటున కోడ్ గురించిన మెసేజ్ చివర పెట్టారో, పని మళ్ళీ మొదటికొస్తుంది. "ఈఓడీ" అన్నప్పుడు ఎవరి రోజు చివర అన్నది రాయండి. తేదీ 04/05 అని రాస్తే మనకి మే నాలుగు, అమెరికావాళ్ళకి ఏప్రిల్ ఐదు. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఈ బాధే లేదు.

## న్యూజెర్సీకి పని అప్పగించడం

మన గడియారం ఏడాది పొడుగునా కదలదు. వాళ్ళది మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి కదులుతుంది. అందుకని న్యూజెర్సీతో తేడా ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. మన రాత్రి 7:30 మీటింగ్ ఆవిడకి ఎండాకాలంలో పొద్దున 10, చలికాలంలో 9. పిల్లని బడికి దింపే టైమ్‌లో పడిందని మొదటి నవంబరులో మాకు తెలిసింది.

ఇంకా పెద్ద మోసగాడు "రేపు". నేను మంగళవారం పొద్దున 7కి "రేపు ఇస్తాను" అంటే నాకు బుధవారం. ఆవిడకి అప్పటికింకా సోమవారం రాత్రే, "రేపు" అంటే మంగళవారం. వారం పేరు రాయండి, చాలు.

రోజు ముగించేటప్పుడు అవతలి గోళార్ధంలోవాళ్ళకి ఒక అప్పగింత మెసేజ్ రాయండి. నేను పోయిన నెల పంపినది, వివరాలు కొంచెం మార్చి పెడుతున్నాను:

"మంగళవారం రాత్రి 7:45 (మీకు పొద్దున 10:15)
అక్కా, వాపసు బిల్లుల స్క్రీన్ పూర్తయింది, టెస్ట్ సర్వర్‌లో ఉంది.
స్టాక్ రిపోర్ట్ సగంలో ఉంది. గడువు తీరిన మందుల లెక్క తప్పు వస్తోంది. కారణం నెల చివరి తేదీ అనుకుంటున్నాను, రూఢి కాలేదు.
ప్రింటర్ పని ఆగింది, షాపువాళ్ళు మోడల్ నంబర్ చెప్పాలి. బుధవారం మధ్యాహ్నం మళ్ళీ అడుగుతాను, మీరు దాన్ని ముట్టుకోనక్కర్లేదు.
మీరు చేయాల్సింది రిపోర్ట్‌లో ఆ తేదీ లెక్క ఒక్కటే. రెండు రకాలుగా చేయొచ్చు, డాక్యుమెంట్‌లో రాశాను. మీకు ఏది నచ్చితే అది చేసేయండి, నన్ను అడగక్కర్లేదు.
షాపుల్లో బిల్లింగ్ మొత్తం ఆగితే మాత్రం ఏ టైమ్ అయినా ఫోన్ చేయండి."

ఇందులో నేను ఎక్కువ విలువ ఇచ్చేవి చివరి రెండు విషయాలు. "నన్ను అడగక్కర్లేదు" అని రాయకపోతే ఆవిడ మర్యాదకి ఆగుతారు, మన నిద్ర ఎంతసేపో ఆవిడ పని అంతసేపు ఆగుతుంది. ఏ సందర్భంలో లేపొచ్చో రాయకపోతే, లేపాలా వద్దా అన్న టెన్షన్ ఆవిడకి. "అనుకుంటున్నాను, రూఢి కాలేదు" కూడా వదలకండి. మన ఊహని నిజమనుకుని ఒకరు రోజంతా తవ్వకూడదు.

## ఏ భాష, ఏ అక్షరాలు

మా విశాఖ అబ్బాయిది ఒడియా. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. ఈ సంగతి మాకు ఎనిమిది నెలలకి తెలిసింది. అన్నాళ్ళూ మా తెలుగు మెసేజ్‌లకి బొటనవేలు పెడుతూ వచ్చాడు పాపం. అందుకే ముందు అడగండి: మీవాళ్ళలో ఎవరెవరు ఏ లిపి చదవగలరు? చదవలేనివాళ్ళు ఒక్కరున్నా ఆ చానెల్ ఇంగ్లీషులో నడపండి. అందరికీ వస్తే నిశ్చింతగా తెలుగులో రాయండి.

తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. అలా రాస్తే "పడింది", "పాడింది" ఒకేలా ఉంటాయి. "పాత", "పాట", "పట" కూడా అంతే. కబుర్లలో నవ్వుకోవచ్చు, పనిలో కుదరదు. ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుంటే ఇంగ్లీషు అక్షరాలు కొట్టినా తెలుగు లిపిలోనే పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. నోటితో చెప్పి టైప్ చేయించొచ్చు కూడా, కాకపోతే పంపే ముందు అంకెలు సరిచూసుకోండి. తెలుగు లిపి అంటే ఫోన్లు తడబడిన రోజులు లేకపోలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" లాంటి ఒక తెలుగు అక్షరం వస్తే చాలు, ఐఫోన్‌లో మెసేజ్‌ల యాప్ కుప్పకూలేది. యాపిల్ ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. జ్ఞానం తట్టుకోలేకపోయిందని అప్పట్లో జోకులు వేసుకున్నాం.

తెలుగులో రాసేటప్పుడు "పంపు"కీ "పంపండి"కీ మధ్య చాలా దూరముంది. ఎదురుగా "నువ్వు" అనుకునే ఇద్దరు, షాపు ఓనర్లు కూడా ఉన్న గ్రూపులో "గారు" వాడుకోవడమే మంచిది. ఇంకా, "మీరు ఫైల్ పంపలేదు" అంటే నింద. "ఫైల్ ఇంకా నాకు చేరలేదు, ఇంకోసారి పంపుతారా" అంటే అదే విషయం, గొడవ లేకుండా. సగంసార్లు నిజంగానే వాళ్ళు పంపి ఉంటారు, మనకే కనపడి ఉండదు.

## మోతలు, ఫోన్లు

స్లాక్‌లో ఎట్ చానెల్ (@channel) అని పెడితే లాప్‌టాప్ మూసేసినవాళ్ళతో సహా చానెల్‌లో అందరికీ నోటిఫికేషన్ వెళ్తుంది. ఎట్ హియర్ (@here) అంటే ఆ సమయానికి ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ళకే. మొదటిది ఇల్లు కాలుతున్నప్పుడు వాడండి. రాత్రి 11కి ఏదో గుర్తొస్తే రాయండి, కానీ పొద్దున 9:30కి వెళ్ళేలా షెడ్యూల్ చేయండి. "తీరిగ్గా చూడండి" అని రాసినా సరే, రాత్రి పూట లీడ్ నుంచి మెసేజ్ వస్తే జూనియర్ తీరిగ్గా చూడడు.

జవాబు ఎంతసేపట్లో ఇవ్వాలో టీమ్‌గా ఒక మాట అనుకోండి. మేం చాట్‌కి మూడు గంటలు, మెయిల్‌కి ఒక రోజు అనుకున్నాం. అప్పట్నుంచి, నిమిషానికోసారి ఫోన్ చూసే జబ్బు కొంత తగ్గింది. మధ్యలో మాయమయ్యేటప్పుడు స్టేటస్‌లో రాయండి: "కరెంటు పోయింది, 4కి వస్తాను."

ఒక విషయం మీద నాలుగోసారి జవాబు రాస్తున్నారంటే ఆపేసి ఫోన్ చేయండి. కోపం వచ్చినప్పుడు కూడా. రాసిన కోపం స్క్రీన్‌షాట్ అవుతుంది. మాట్లాడాక మాత్రం ఏం తేలిందో, ఎవరు ఏం చేస్తారో రెండు మూడు వాక్యాలు అదే థ్రెడ్‌లో పెట్టండి. లేకపోతే ఆ థ్రెడ్ చదివే మూడో మనిషికి కథ సగంలో ఆగిపోతుంది. నిర్ణయమైతే డాక్యుమెంట్‌లో కూడా తేదీతో ఒక లైను.

పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు చాట్‌లో పెట్టకండి. "వెంటనే డిలీట్ చేశాను" అంటారు, ఆ లోపు అవతలివాళ్ళ లాక్ స్క్రీన్ మీద కనపడనే కనపడింది. పాస్‌వర్డ్ మేనేజర్‌లోంచి పంచుకోండి. మా పనిలో ఇంకో ప్రమాదం ఉంది, బిల్లు స్క్రీన్‌షాట్‌లో కస్టమర్ పేరూ ఫోన్ నంబరూ కొన్న మందూ మూడూ కనిపిస్తాయి. ఎవరికి ఏ జబ్బో దాంట్లో తెలిసిపోతుంది. వ్యక్తిగత సమాచారం మీద 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం మాట అలా ఉంచి, మీ అమ్మ మందుల బిల్లు ఏడుగురు చూస్తే మీకెలా ఉంటుంది? పేర్ల మీద నల్లగా పూసి పంపండి. పల్చగా పూస్తే వెలుతురు పెంచి చదివేస్తారు, గట్టిగా పూయండి.

ఇవన్నీ కుదిరాయో లేదో చూసుకోడానికి మేం ఒక పని చేస్తాం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే ఒక ప్రశ్న ఇస్తాం, ఎవరినీ అడక్కుండా చాట్‌లోనూ డాక్యుమెంట్లలోనూ వెతికి జవాబు చెప్పమంటాం. మొన్న చేరిన అమ్మాయికి "సెప్టెంబరు 22కి ముందు కొన్న మందు వాపసు వస్తే ఏ రేటు, ఎందుకు?" అని ఇచ్చాం. పావుగంటలో జవాబు పట్టుకొచ్చింది, తేదీతో సహా. మా లీడ్ ఆ పాత మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఆ డాక్యుమెంట్‌లోనే అంటించారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. ఆ అమ్మాయి దాని కింద ఒక కామెంట్ కూడా పెట్టింది:

"సార్, ఇక్కడ 'అయిపోయినట్టే' అని ఉంది. అంటే అయిందా, కాలేదా?"